నవనీత హస్తవాసి

నేను ఒక నీళ్ల పైపును. గడియారాలూ నాణేలూ తమ కథ చెప్పుకుంటే జనం ముచ్చటపడి వింటారు. పైపు కథ ఎవరికి కావాలి? ఏ మూలో పడి ఉంటుంది, కాలికి తగిలితే తిట్లు తింటుంది. అయినా చెప్పకుండా ఉండలేను. నా కళ్లముందే ఒక పిల్ల మునిగిపోయింది. నీళ్లలో మునిగి ఉంటే ఎవరో ఒకరు దూకి జుట్టు పట్టుకుని పైకి లాగేవాళ్లు. ఈ మునగడం ఎవరికీ కనబడలేదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. తెగిన చెప్పులు, పగిలిన బకెట్లు, పిల్లలు తొక్కి విరగ్గొట్టిన బొమ్మ కార్లు, అన్నీ కలిపి కరిగించి, ఆకుపచ్చ రంగు పోసి, ఒక యంత్రం మూతిలోంచి నన్ను బయటికి తోశారు. ఒంటి మీద తెల్లటి అక్షరాలతో ‘పదేళ్ల గ్యారంటీ’ అని అచ్చు వేశారు. ఎవరికి గ్యారంటీయో మాత్రం రాయలేదు. హైదరాబాదు శివార్లలో ఒక సామాన్ల దుకాణం ముందు చుట్ట చుట్టి వేలాడదీస్తే, కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న ఒక సారు నన్ను కొనుక్కుపోయాడు.

ఆ ఇంట్లో నా పని సారు కారు కడగడం. రోజూ పొద్దున్నే, దుమ్మున్నా లేకపోయినా, ఆయన ఫోను మాట్లాడుతూ నన్ను కారు మీదికి గురిపెట్టి నిలబడేవాడు. ఫోను అయ్యేదాకా నీళ్లు పోతూనే ఉండేవి. వానాకాలంలో కూడా మేడమ్ గారు గొడుగు వేసుకుని వచ్చి గడ్డికి నీళ్లు పట్టేది. నేను అప్పట్లో అమాయకుణ్ణి. లోకంలో నీళ్లంటే గోడలోంచి ఊరికే వచ్చి రోడ్డు మీదికి ఊరికే పోయే వస్తువనుకునేవాణ్ణి. కొన్నాళ్లకు వాళ్లు మూతికి పిస్తోలు లాంటిది ఉన్న కొత్త పైపు తెచ్చుకున్నారు. ఆ ఇంట్లో గిన్నెలు తోమే బాలమణి చెత్తబుట్ట పక్కన నన్ను చూసింది.

“అమ్మా, గీ పైపు నేను తీసుకపోనా?”

“తీసుకెళ్లు. నీకెందుకిది? మీ ఇంట్లో గార్డెన్ ఉందా?”

బాలమణి నవ్వింది. నన్ను చుట్ట చుట్టి భుజాన వేసుకుని బస్సెక్కింది.

బాలమణి ఉండే బస్తీ ఒక రాళ్ల గుట్ట మీద ఉంది. అక్కడికి నల్లా లైను రాలేదు. ట్యాంకరు వస్తుంది. ఎప్పుడొస్తుందో దాన్ని తోలే మొగులయ్యకు కూడా తెలియదు. ఒకసారి వారానికి వస్తుంది, ఒకసారి రెండు రోజులకే వస్తుంది, పొద్దున రావచ్చు, అందరూ పనుల మీద పోయాక మిట్టమధ్యాహ్నం రావచ్చు. వచ్చినప్పుడు ఇంట్లో మనిషి లేకపోతే ఆ ఇంటికి నీళ్లు లేనట్టే. అందుకని ప్రతి ఇంటివాళ్లూ ఒక మనిషిని ట్యాంకరు కోసం కట్టేసి ఉంచుతారు. బాలమణి భర్త సెంట్రింగు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. ఆమె పనికి పోకపోతే పొయ్యి వెలగదు. కొడుకు పండు ఇంకా అంగన్వాడీ పిల్లాడు. ఇక మిగిలింది ఏడో తరగతి చదివే కూతురు, నవనీత.

అలా నవనీత బడి మానేసి ఇంట్లో ఉండడం మొదలైంది. రోజూ కాదు, ట్యాంకరు రావచ్చు అనిపించిన రోజుల్లోనే అని బాలమణి టీచరుకు చెప్పింది. ట్యాంకరు ఏ రోజైనా రావచ్చు కదా!

గడపలో కూర్చుని, చెవి రోడ్డు మీద పెట్టి, ఆ పిల్ల సైన్సు పుస్తకం చదువుకునేది. ఆకలేసి, ఉక్కపోసి తమ్ముడు ఏడుపు మొదలుపెడితే, పుస్తకంలో ఉన్న ఆటలు ఆడి చూపేది. గ్లాసు నిండా నీళ్లు పోసి, పాత పెండ్లి పత్రిక అట్ట మూతిమీద పెట్టి, అరచేత్తో అదిమి, తలకిందులు చేసి చెయ్యి తీసేసేది. అట్ట అలాగే అంటుకుని ఉండేది. నీళ్లు పడేవి కావు. పండు ఏడుపు మరిచిపోయి నోరు తెరిచేవాడు.

“అక్కా, గమ్ము పెట్టినవా?”

“గమ్ము లేదు ఏం లేదురా. గాలి పట్టుకున్నది. గాలికి మస్తు బలముంటది. కిందికెళ్లి అట్టను పైకి నూకుతది.”

“గాలి కనిపిస్తలేదు గద?”

“కనిపియ్యకున్నా నూకుతదిరా. నిన్ను అల్లరి చెయ్యమని ఎవరో నూకుతున్నరు గద, వాళ్లు కనిపిస్తున్నరా?”

ఖాళీ గ్లాసు అడుగున కాగితం ముద్ద కుక్కి, గ్లాసును బోర్లించి నిటారుగా బకెట్లో ముంచి తీస్తే కాగితం తడవకపోవడం, ప్లాస్టిక్ సీసా అడుగున సూదితో పొడిచి, మూత బిగిస్తే కారడం ఆగిపోయి, మూత వదులు చేస్తే మళ్లీ కారడం, ఇవన్నీ అయ్యాయి. ప్రతి ఆటకూ కింద తాంబాళం ఉండాల్సిందే. ఒక్క చుక్క నేల మీద పడితే సాయంత్రం తల్లి చేతిలో వీపు చిట్లుతుంది. ఆటయ్యాక ఆ నీళ్లతోనే గిన్నెలు కడిగేది. నేను చూరుకింద మేకుకు వేలాడుతూ ఇదంతా చూసేవాణ్ణి. కారు కడిగిన రోజులు గుర్తొచ్చి సిగ్గేసేది.

తర్వాత నా వంతు వచ్చింది. స్టూలు మీద నీళ్ల బిందె, నేల మీద ఖాళీ బకెట్టు. నన్ను బిందెలోకి కొద్దికొద్దిగా దించి, నాలో గాలి బుడగలుగా పోయేదాకా ముంచి, ఒక కొసను బొటనవేలితో మూసి, బయటికి లాగి బకెట్లోకి దించి, వేలు తీసేసింది. బిందెలో నీళ్లు నాలోంచి పైకెక్కి, అంచు దాటి, బకెట్లోకి దూకాయి. ఎవరూ పీల్చలేదు, ఎవరూ పంపు కొట్టలేదు. నాకే ఆశ్చర్యమేసింది. బకెట్టును పైకి లేపితే ధార సన్నబడింది, బిందెతో సమానంగా పెడితే ఆగిపోయింది, కిందికి దించితే జోరుగా పారింది. నవనీత దీన్ని ఎన్నిసార్లు చేసిందో చెప్పలేను. కళ్లు మెరిసిపోయాయి ఆ పిల్లకు. నా బతుకులో నాకు మర్యాద దక్కింది ఆ మధ్యాహ్నమే.

ఇప్పుడు ట్యాంకరు దగ్గర మా బస్తీ పద్ధతి చెప్పాలి. వెనకున్న నల్లా తిప్పితే ఒకసారికి ఒక్క ఇంటికే నీళ్లు పట్టుకోవచ్చు. అందుకని పైనున్న మూత తెరిచి, ఇంటికో పైపు లోపల పడేస్తారు. రెండో కొస కింద డ్రమ్ము దగ్గర. ఆ కొసను నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాలి. పీల్చగా పీల్చగా తుప్పు వాసన నీళ్లు ఒక్కసారిగా గొంతులోకి కొడతాయి. దగ్గుతూ, ఉమ్ముతూ పైపును డ్రమ్ములో పెట్టాలి. గట్టి రొమ్మున్న మగాళ్ల పైపులు ముందు పారతాయి. ఆడవాళ్లవీ ముసలివాళ్లవీ పారే సమయానికి ట్యాంకరు అడుగంటుతుంది. పక్కింటి అంజమ్మ మొగుడు మంచంలో ఉన్నాడు. ఆమె పళ్లు లేని నోటితో పీల్చి పీల్చి, రాక, ఖాళీ బిందెతో రోడ్డు మీదే కూలబడేది.

ఆ వారం, బాలమణి పనికి పోని పూట, ట్యాంకరు రాగానే నవనీత చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది. నన్ను చుట్టలు చుట్టలుగా మూతలోంచి లోపలికి ముంచింది. కొస మాత్రం మడిచి పట్టుకుని, కిందికి జారవిడిచి, తల్లి చేతికిచ్చి, “కిందికి వంచినంక మడత ఇప్పు” అంది. అంతే. అందరూ ఇంకా పీలుస్తూ దగ్గుతున్నారు, మా డ్రమ్ములో ధార పడుతోంది. ఎత్తురాయి మీద పెట్టిన డ్రమ్మును దించి నేల మీద పెట్టించింది. ధార ఇంకా లావయింది. తర్వాత అంజమ్మ పైపు తీసుకుని అలాగే చేసింది. అంజమ్మ బిందె నిండింది. ముసలామె ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

“నీ హస్తవాసి మంచిది బిడ్డా. నీ చెయ్యి తాకితే నీళ్లే ఉరికొస్తున్నయి.”

ఆ మాట అప్పుడు నాకూ తియ్యగానే ఉంది. అదే ఆ పిల్ల మెడకు ఉరితాడు అవుతుందని తెలిస్తే ఆ రోజే నిలువునా చీలిపోయేవాణ్ణి.

నవనీత అందరికీ నేర్పాలని చూసింది. నిజం చెబుతున్నాను, ఆ పిల్ల ఏదీ దాచుకోలేదు. గడపలో తాంబాళం పెట్టి, గ్లాసూ అట్టా తెచ్చి, గాలి సంగతి చెప్పింది. నన్ను బిందెలో ముంచి చూపింది. ఆడవాళ్లు ముక్కున వేలేసుకుని చూశారు. “మంచిగ చెప్పినవమ్మా” అన్నారు. ట్యాంకరు దగ్గర ఒకరిద్దరు చేసి చూశారు. ఒకామె పైపును సగమే ముంచి లాగింది, లోపల గాలి ఉండిపోయింది. ఇంకొకామె పైనుండగానే మడత విప్పేసింది. ఉన్న నీళ్లు కాస్తా వెనక్కి ట్యాంకులో పడ్డాయి. మళ్లీ ఒకసారి చేసి ఉంటే వచ్చేదే. కానీ మళ్లీ ఎవరూ చెయ్యలేదు. మొగులయ్య ట్యాంకరును ఎక్కువసేపు ఆపడు, పక్కన పిల్ల ఉండనే ఉంది.

“మాకు రాదులే బిడ్డా. ఎవరి చెయ్యి వాళ్లదే. అందరు మందిస్తరు, ఒక్కరి చేతుల్నే గుణమొస్తది.”

“చెయ్యి కాదు అత్తా, గాలి! ఎవలు చేసినా వస్తది!” అని నవనీత గొంతు చించుకునేది.

“అవునమ్మా, అవును. జర మా పైపు కూడ ఏసిపో” అనేవాళ్లు.

మనుషులు వింత ప్రాణులు. కళ్లతో చూసిన కిటుకును నమ్మరు, చేతిలో మహిమ ఉందంటే మాత్రం వెంటనే నమ్ముతారు. మహిమను నమ్మితే నేర్చుకునే బాధ ఉండదు. నేర్చుకోవాల్సిన పని లేదు కాబట్టి నవనీత ఉండాల్సిన పని పడింది. ఒక ఇంటి ట్యాంకరు పిల్ల బస్తీ మొత్తానికి ట్యాంకరు పిల్ల అయింది. వారంలో ఒకరోజు బడికి పోతే అదే గొప్ప. ఆ ఒక్కరోజు ట్యాంకరు వచ్చిందంటే సాయంత్రం ఇంటి ముందు జనం. “ఎటు పోయినవే? మా డ్రమ్ము సగమే నిండె” అని నిలదీసేవాళ్లు. బడికి పోవడం ఆ పిల్ల తప్పయిపోయింది.

వేసవి మొదట్లో నవనీత వాళ్ల వసుంధర టీచరు గుట్టెక్కి వచ్చింది. సర్కారు హాస్టల్ బడిలో ఎనిమిదో తరగతి సీట్లు కొన్ని ఖాళీగా ఉన్నాయట. ఒక ఆదివారం పరీక్ష. సీటొస్తే తిండీ బట్టా చదువూ అన్నీ అక్కడే, ఇంటర్ దాకా చూసుకోనక్కర్లేదు.

“హాజరు చాలదు కాబట్టి ఇక్కడ నేనేం చెయ్యలేను బాలమణీ. ఆ పరీక్ష ఒక్కటే దారి. గేటు టైముకు మూసేస్తారు. నిమిషం లేటైనా రానివ్వరు” అంది టీచరు.

బాలమణి పైట చెంగుతో ముఖం తుడుచుకుని, “పోతది టీచర్. నేనే ట్యాంకరు కాడ నిలవడ్త. నా బిడ్డ పోవాలె” అంది.

నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. నవనీత వెళ్లిపోతే నన్ను ముంచేవాళ్లుండరు, మేకుకు ఎండిపోతాను. ఎండిపోతే పోయాను, ఆ పిల్ల పోవాలని కోరుకున్నాను.

పరీక్ష ముందు ట్యాంకరు చాలా రోజులు రాలేదు. ఎక్కడో మోటారు కాలిపోయిందన్నారు. డ్రమ్ముల అడుగున బురద మిగిలింది. పండుకు మూతి పగిలి రక్తమొచ్చింది. అంజమ్మ ముసలాయన నీళ్లు నీళ్లు అని మూలుగుతుంటే గోడ అవతలి నుంచి మాకు వినబడేది. పరీక్షకు ముందురోజు నవనీత తల్లిని కూర్చోబెట్టి నాతో సాధన చేయించింది. ఉన్న గుక్కెడు నీళ్లలో ఏం సాధన! “ఇట్ల ముంచాలె అమ్మా. బుడగలు ఆగిపోయేదాక ముంచాలె. మడత గట్టిగ పట్టుకోవాలె.” బాలమణి తలాడించింది. ఆమెకు కూడా లోలోపల అదే నమ్మకం, ఇది తన బిడ్డ చేతి గుణమని.

ఆదివారం పొద్దున నవనీత తల దువ్వుకుని, ఉతికిన యూనిఫాం వేసుకుని, పరీక్ష అట్టా పెన్నూ పట్టుకుని బయల్దేరింది. సందు చివరకు చేరిందో లేదో, మొగులయ్య హారన్ వినబడింది.

బస్తీ అంతా ఒక్క ఉరుకున వచ్చిపడింది. బాలమణి నన్ను తీసుకుని పరుగెత్తి, చీర మోకాళ్ల పైకి దోపి ట్యాంకరెక్కింది. నన్ను మూతలోకి తోసింది. కింద తోపులాట, తిట్లు, ఏడుపులు. తొందరలో బుడగలు ఆగకముందే లాగేసింది. మడత విప్పితే నాలోంచి నాలుగు చుక్కలు రాలాయి, అంతే. మళ్లీ ముంచింది. చేతులు తడిసి మడత జారిపోయింది. మళ్లీ ముంచింది. “జల్ది కానియ్యండి, ఇంక రెండు బస్తీలకు పోవాలె” అని మొగులయ్య అరుస్తున్నాడు. కింద మగాళ్ల పైపులు పారడం మొదలైంది. అంజమ్మ తన పైపు కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తూ పీలుస్తూ రోడ్డు మీద పడిపోయింది.

నవనీత సందు చివర నిలబడి వెనక్కి చూసింది.

“పోవే! ఆగకు, పో!” అని బాలమణి ట్యాంకరు మీది నుంచి కేక పెట్టింది. “నీకు దండం పెడ్త, పో బిడ్డా!”

ఆ పిల్ల పోలేదు. అట్టా పెన్నూ గోడ మీద పెట్టి పరుగున వచ్చింది. ఎవరూ పిలవలేదని తర్వాత అందరూ ప్రమాణం చేసి చెప్పారు. నిజమే, నోటితో ఎవరూ పిలవలేదు. కానీ ఆమె వస్తుంటే జనమంతా పక్కకు జరిగి దారి ఇచ్చారు. తల్లి చేతిలోంచి నన్ను లాక్కుని నీళ్లలో ముంచింది. నేను ఎంత ఆరాటపడ్డానో ఎలా చెప్పను! ఒక్క పగులు రావాలి నాకు. ఒక్క చీలిక, గాలి దూరేంత. అప్పుడు పని ఆగిపోతుంది, ఈ పిల్ల విసుక్కుని దిగిపోతుంది, బస్సు అందుకుంటుంది. ఏదీ రాలేదు. నిక్షేపంలా ఉన్నాను. నీళ్లు నాలోంచి జోరుగా పారాయి.

“ఇగ పో” అంది బాలమణి. అప్పటికే అంజమ్మ పైపు ఆ పిల్ల చేతిలో ఉంది. ఆ తర్వాత ఇంకొకరిది. ఒకామె చంటిపిల్లను చూపించింది. ఇంకొకాయన తన పైపు కొస ఆమె పాదాల దగ్గర పెట్టాడు. ట్యాంకరు ఖాళీ అయ్యాక నవనీత కిందికి దూకి, గోడ మీది అట్టా పెన్నూ అందుకుని, తడి బట్టలతోనే పరుగెత్తింది.

ఎండ నడినెత్తికి రాకముందే తిరిగొచ్చింది. గేటు మూసేశారని చెప్పింది. ఏడవలేదు. పెన్ను గూట్లో పెట్టి, తడి యూనిఫాం విప్పి తీగ మీద ఆరేసింది. సాయంత్రం వసుంధర టీచరు వచ్చింది, ప్రశ్నపత్రం చేతిలో ఉంది, పరీక్ష రాసిన వేరే పిల్ల దగ్గర తీసుకుందట. తిట్టడానికే వచ్చింది కానీ తిట్టలేకపోయింది. నవనీత ఆ కాగితం తీసుకుని, నిండు డ్రమ్ము పక్కన కూర్చుని, ఒక్కో ప్రశ్నా చదివి జవాబు చెప్పుకుంటూ పోయింది. టీచరు వింటూ ఒకటి రెండు చోట్ల తప్ప అన్నింటికీ తల ఊపింది. అయ్యాక ఆ కాగితాన్ని మడిచి టీచరుకే ఇచ్చేసింది.

టీచరు వెళ్లగానే బాలమణి కత్తిపీట తెచ్చింది. నన్ను మేకు మీది నుంచి లాగి, కాలికింద వేసి తొక్కిపట్టి, మూరకొక ముక్క నరికింది. “గీ పైపే లేకుంటె నా బిడ్డ పోయి పరీక్ష రాస్తుండె! గీ పాడు పైపే!” అని నరుకుతూ ఏడ్చింది, ఏడుస్తూ నరికింది. పండు భయపడి అక్క వెనక్కి చేరాడు. నాకు బాధ లేదు. చెప్పాను కదా, చీలిపోవాలనే కోరుకున్నాను. పైపు లేని ఇంటి పిల్ల ట్యాంకరెక్కాల్సిన పని ఏముంది? ఇక బడికి పోతుంది, వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష రాస్తుంది. ఆ రాత్రి నా ముక్కలన్నీ బుట్టలో పడుకుని ఎంతో నిశ్చింతగా ఉన్నాయి.

ట్యాంకరు మళ్లీ వచ్చినప్పుడు బాలమణి ఇంట్లోనే ఉంది. మూలనున్న బుట్టలోంచి నాకు వాకిలి కనిపిస్తుంది. హారన్ మోగింది. నవనీత పండుకు అన్నం తినిపిస్తోంది. ఎవరూ తలుపు కొట్టలేదు, ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఆ పిల్ల చెయ్యి కడుక్కుని లేచింది. గోడ అవతలికి పోయి అంజమ్మ పైపు భుజాన వేసుకుంది. చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది.

బాలమణి గడపలో నిలబడి చూసింది. కాసేపటికి లోపలికి వచ్చి, మా ఖాళీ డ్రమ్మును దొర్లించుకుంటూ బయటికి తీసుకెళ్లింది.